తిరువూరు ట్రంకుపెట్టెలో ఒక సీసా

ఆదివారం పొద్దున్న ఏడింటికి మావయ్య ఫోన్. ఆ టైంలో ఊరి నుంచి ఫోన్ వస్తే మా ఇంట్లో అందరికీ ముందు అమ్మమ్మే గుర్తొస్తుంది. కానీ మావయ్య గొంతు మంచి హుషారు మీద ఉంది.

"ఒరేయ్ అల్లుడూ, తాతయ్య ట్రంకుపెట్టె తీశాంరా. అడుగున ఫారిన్ సీసా ఒకటుంది. మూత కూడా తియ్యలా. ముప్ఫై ఏళ్ళ నాటిది. ఐదు లక్షలిస్తానంటున్నాడొకాయన."

"ఎవరు మావయ్యా?"

"ముంబై పార్టీ అంట. పాత సీసాలు కొంటాడంట. వీడియో కింద నంబరుంటే ఫొటో పెట్టా. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు."

"మనం ఏమన్నా కట్టాలన్నాడా?"

కాసేపు చప్పుడు లేదు. "రిజిస్ట్రేషన్ అంట. ఎనిమిదివేల ఐదొందలు. రేపు కడదామని."

"కట్టకు. నేను బయల్దేరుతున్నా" అని పెట్టేశాను.

విజయవాడ బస్టాండులో తిరువూరు బస్సెక్కితే రెండు గంటల దారి. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం థర్మల్ గొట్టాలు, కొండపల్లి గుట్టలు, మైలవరం. మైలవరం దాటాక రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు మొదలవుతాయి. ఏప్రిల్ కదా, కిటికీలోంచి పచ్చికాయ వాసన రావాలి. ఈసారి చెట్లన్నీ ఆకులే. పూత బాగానే వచ్చిందట, నిలబడలేదు. మావయ్యకి సొంతం రెండెకరాలు, కౌలుకి ఇంకో నాలుగు. మందులకని అత్తయ్య గాజులు బ్యాంకులో పెట్టాడు. ఆ గడువు ఈ నెలాఖరు. ఐదు లక్షలనే మాట వినగానే ఆయన గొంతు ఎందుకలా లేచిందో బస్సులో కూర్చున్నాక అర్థమైంది.

ఈ రోడ్డు గురించి ఒక మాట. ఇది 30వ నంబరు జాతీయ రహదారి. ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా బస్తర్ అడవుల్లో జగదల్‌పూర్‌కి, అక్కణ్ణించి ఎక్కడో ఉత్తరాఖండ్ దాకా పోతుంది. తిరువూరు దాటి కాసేపు వెళ్తే తెలంగాణ వచ్చేస్తుంది, పెనుబల్లి మండలం. సరిహద్దు ఊరు అంటే ఏంటో మా అమ్మమ్మని అడగాలి. ఆమె పుట్టిన నాటికి అవతల నిజాం రాజ్యం, ఇవతల మద్రాసు. 1956లో గీత చెరిగిపోయింది. 2014లో మళ్ళీ గీశారు. ఆమె మాత్రం ఒకే ఇంట్లో ఉంది.

ముందు సీసా సంగతి

ఇంటికెళ్ళేసరికి సీసా హాల్లో టీవీ పక్కన, పసుపు రాసిన పీట మీద ఉంది. పసుపు ఎవరు రాశారో అడగలేదు. నలుచదరంగా, కాస్త మసకబారిన సీసా. జానీ వాకర్ బ్లాక్ లేబుల్. బంగారు రంగు అంచు కొంచెం చెదిరింది, లేబుల్ మీద ఒక మూల చీమ తిన్నట్టుంది. మూత సీలు మాత్రం చెక్కు చెదరలేదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటిది బయటపడితే, ఎవరికో ఫొటో పంపే ముందు ఒక పావుగంట కూర్చుని మీరే చదవండి. సీసా తన వయసు తనే చెబుతుంది.

మొదట బొమ్మ. టోపీ, బూట్లు వేసుకుని చేతికర్రతో నడిచే ఆ మనిషిని 1908లో టామ్ బ్రౌన్ అనే కార్టూనిస్టు గీశాడు. 2000కి ముందు సీసాల మీద అతను మన ఎడమ చేతివైపు నడుస్తుంటాడు. ఆ తర్వాత కుడివైపు తిరిగాడు. మా సీసా మీది పెద్దమనిషి ఎడమకే పోతున్నాడు. అంటే పాతిక ఏళ్ళు దాటినట్టే.

తర్వాత అంకెలు. 1980కి ముందు బ్రిటన్ సీసాల మీద ఆల్కహాల్ శాతం ఉండదు, డిగ్రీల్లో 'ప్రూఫ్' అని ఉంటుంది. కొలత కూడా ఫ్లూయిడ్ ఔన్సుల్లో. మా దాని మీద 1 లీటరు, 43 శాతం అనుంది. ఆ సైజు, ఆ ఘాటు ఎక్కువగా విమానాశ్రయాల డ్యూటీ ఫ్రీ షాపుల్లోవి. మన దేశంలో చేసే బ్రాందీ, విస్కీల మీద 750 మిల్లీ లీటర్లు, 42.8 శాతం ఉంటుంది చూడండి, ఆ వింత అంకె కూడా పాత ప్రూఫ్ లెక్క నుంచి వచ్చిందే. ఇక వెనక బార్‌కోడ్ ఉంది. అంటే మరీ తాతల కాలంది కాదు. అన్నీ కలిపితే 1980ల చివర నుంచి 90ల మధ్య. ఇంట్లో వాళ్ళు చెప్పిన కథకి సరిగ్గా సరిపోయింది.

మావయ్య ఆత్రంగా అడిగాడు. "12 ఏళ్ళు అని రాసుంది, దానికి ముప్ఫై కలుపుకుంటే నలభై రెండేళ్ళ సరుకేగా?"

కాదు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. విస్కీ వయసు చెక్క పీపాలో ఉన్నంతకాలమే పెరుగుతుంది. ఆ రంగు, ఆ రుచి చెక్క నుంచే వస్తాయి. గాజు ఏమీ ఇవ్వదు. సీసాలో పోసిన రోజే గడియారం ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్ళు కాదు, వందేళ్ళు పెట్టెలో ఉన్నా అది పన్నెండేళ్ళ విస్కీయే. కొన్ని ద్రాక్ష వైన్ల కథ వేరు, అవి సీసాలో కూడా మారతాయి. మనవాళ్ళు రెండింటినీ కలిపేసి 'పాతదైతే అమృతం' అంటుంటారు.

ఇంకా చెప్పాలంటే ముప్ఫై ఏళ్ళలో పెరిగేది ఏమీ లేదు, తగ్గేదే. మూత సందుల్లోంచి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. అందుకే కొనేవాళ్ళు మొదట చూసేది మెడ దగ్గర మట్టం. మా సీసాలో మెడ కింద భుజం దాకా దిగిపోయింది. తిరువూరు ఎండల్లో, రేకుల కప్పు కింద గదిలో, ముప్ఫై వేసవులు గడిపింది మరి. కార్కు ఉన్న సీసాని పడుకోబెట్టినా చేటే, ఘాటు కార్కుని తినేస్తుంది. తాతయ్య నిలువుగా పెట్టాడు, అదొక్కటే అదృష్టం.

లండన్‌లో 22 కోట్లు, తిరువూరులో?

మావయ్య ఫోన్‌లో చూసిన వీడియో అబద్ధమేమీ కాదు. 2023 నవంబరులో లండన్‌లో సదబీస్ సంస్థ వేలంలో మెకాలన్ 1926 అనే స్కాచ్ సీసా ఒక్కటి దాదాపు 22 లక్షల పౌండ్లకి పోయింది. మన లెక్కలో 22 కోట్లు పైనే. వేలంలో ఏ సీసాకీ అంతకుముందు అంత రాలేదు. కానీ వీడియోలో చెప్పని సంగతి ఏంటంటే, ఆ విస్కీ పీపాలో అరవై ఏళ్ళుంది. 1986లో దాన్ని సీసాల్లో పోస్తే వచ్చినవి నలభై. ఆ నలభైలో పన్నెండింటికి వలేరియో అడామి అనే ఇటలీ చిత్రకారుడు లేబుళ్ళు వేశాడు. అమ్ముడుపోయింది వాటిలో ఒకటి. అది సారా ధర కాదు, బొమ్మ ధర, కొరత ధర.

మరి బ్లాక్ లేబుల్? లక్షల్లో తయారయ్యే సరుకు. ఆ కాలంలో దుబాయ్ నుంచి వచ్చిన ప్రతి సూట్‌కేసులోనూ ఒకటి ఉండేది. విదేశీ వేలం సైట్లలో ఇలాంటివి ఎంతకి పోయాయో వెనకటి ఫలితాలు ఉచితంగానే కనిపిస్తాయి. అడిగే ధర కాదు, నిజంగా పోయిన ధర చూడాలి. అరుగు మీద కూర్చుని ఇద్దరం ఒక గంట వెతికాం. 90ల నాటి లీటరు సీసా, మట్టం బాగుంటే, యాభై పౌండ్ల చుట్టుపక్కల. అంటే ఐదారు వేల రూపాయలు. మట్టం దిగిపోయి, లేబుల్ చిరిగితే ఇంకా తక్కువ. అందులోంచి వేలంవాళ్ళ కమిషన్, పార్సిల్ ఖర్చు పోవాలి.

మావయ్య ఏమీ అనలేదు. ఫోన్ కింద పెట్టి మంచినీళ్ళు తాగాడు.

అయినా ఆ ఐదు వేలు కూడా కాగితం మీదే. లాయర్ చదివిన నా ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు. "లైసెన్సు లేకుండా మద్యం అమ్మితే నేరం. ఒక సీసా అయినా, లారీ అయినా. పాతదా, కొత్తదా, సీలుందా అని చట్టం అడగదు" అన్నాడు. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 1968 నాటిది, తెలంగాణలో నడిచేదీ దాని కొనసాగింపే. ఎవరింట్లో వాళ్ళు దాచుకోవడం ఒకటి, డబ్బు తీసుకుని చేతులు మార్చడం ఇంకొకటి. పోస్టులో పంపడానికీ లేదు. విదేశీ వేలానికి పంపాలంటే ఎగుమతి అనుమతులు కావాలి, ఐదు వేల సీసాకి ఎవరు తిరుగుతారు?

సాయంత్రం పాత సామాన్ల బండి వీధిలోకి వచ్చింది. మావయ్యకి ఇంకా ఆశ చావలేదు, సీసా చూపించాడు. బండాయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నిండుది నాకొద్దు సార్, పోలీసోళ్ళతో గొడవ. ఖాళీ చేసి అట్టపెట్టెతో సహా ఇవ్వండి, మంచి రేటిస్తా."

ఖాళీ సీసాకి ఎందుకంత గిరాకీ అని అడిగాను. ఆయన పళ్ళికిలించాడు, చెప్పలేదు. చెప్పకపోయినా తెలిసిందే. ఫారిన్ సీసాలు కొని లోకల్ సరుకు నింపి అమ్మే ముఠాలు దొరికిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం. ఇది మన ఊళ్ళ జబ్బే కాదు. 2018లో స్కాట్లాండులోని ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రంలో 55 అరుదైన విస్కీ సీసాలకి కార్బన్ పరీక్ష చేస్తే 21 నకిలీవని, లేదా లేబుల్ మీద చెప్పిన ఏడాదివి కావని తేలింది. అణుబాంబు పరీక్షల వల్ల 1950ల నుంచి గాలిలో కార్బన్ లెక్క మారింది, అది బార్లీ గింజలోకీ వచ్చింది. 1800ల నాటిదని చెప్పిన విస్కీలో బాంబుల కాలం గుర్తు ఉంటే ఇంకేముంది? దొంగ దొరికినట్టే. లండన్ గొప్పవాళ్ళకే ఇలా జరిగితే, ఫోన్‌లో ఫొటో చూసి ఐదు లక్షలంటున్నవాడికి సీసా అసలుదో నకిలీదో ఎలా తెలిసింది? ఈ ప్రశ్న మావయ్యకి బాగా నాటింది.

"ఫోన్ చెయ్ వాడికి" అన్నాడు. స్పీకర్ పెట్టాం.

అవతల చాలా మర్యాదగా, తెలుగు హిందీ కలిపి మాట్లాడాడు. ఐదు లక్షలు రెడీ అన్నాడు. మావయ్య అడిగాడు: "మెడ దగ్గర మట్టం ఎంతుంటే ఐదు లక్షలండీ?" అవతల అర్థం కాలేదు. "బొమ్మ కుడికి నడుస్తోందా, ఎడమకా?" దానికీ జవాబు లేదు. "సార్, ముందు రిజిస్ట్రేషన్ చేయండి, మా ఆఫీసర్ వస్తాడు." రిజిస్ట్రేషన్ సొమ్ము ఆ ఐదు లక్షల్లోనే తగ్గించుకోమని మావయ్య అన్నాడు. లైన్ కట్టయింది.

ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకి లక్షలు, పాత నాణేలకి లక్షలు అనే మోసం గుర్తుందా? రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఫీజులు, పన్నులు అడుగుతున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది. సీసా వేషంలో వచ్చింది అదే. మొదట ఎనిమిది వేలు, తర్వాత జీఎస్టీ, తర్వాత 'కస్టమ్స్ క్లియరెన్స్', అలా లాగుతూనే ఉంటారు. కట్టేసినవాళ్ళుంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలు.

మూత ఎందుకు తియ్యలేదు?

రాత్రి కరెంటు పోయింది. అందరం వాకిట్లో మంచాలు వేసుకున్నాం. అప్పుడు అడిగాను, అసలు ముప్ఫై ఏళ్ళు ఎవరూ దీని మూత ఎందుకు తియ్యలేదని. మావయ్యకి సగమే తెలుసు. మిగతా సగం అమ్మమ్మ దగ్గరుంది.

తాతయ్య స్కూలు మాస్టారు. 1995 జనవరి 31న రిటైర్మెంటు. దుబాయ్‌లో పనిచేసే పెదమావయ్య, అంటే తాతయ్య అన్నగారి కొడుకు, 1994 డిసెంబరులో సెలవు మీద వస్తూ ఈ సీసా తెచ్చాడు. తాతయ్య ఏడాదికి రెండు మూడుసార్లు పుచ్చుకునే మనిషేనట. రిటైర్మెంటు రోజు రాత్రి అన్నదమ్ములతో కూర్చుని తీద్దామని దాచాడు.

ఈలోగా ఎన్టీ రామారావు గెలిచాడు. ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తూనే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టాడు. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రమంతా సంపూర్ణ నిషేధం. తాతయ్య రిటైర్మెంటుకి సరిగ్గా పదిహేను రోజుల ముందు.

"మరి ఇంట్లో ఉన్నది ఇంట్లో తాగితే ఎవరికి తెలుస్తుందమ్మమ్మా?"

"నాకు తెలుస్తుందిగా" అంది.

అమ్మమ్మ ఆ మాట అనడానికి కారణముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన కథ రాష్ట్రమంతా పాకింది. అక్షరదీపం బడిలో చదువుకుంటున్న ఆడవాళ్ళు, పుస్తకంలో పాఠం చదివి, మన ఊళ్ళోనూ ఇంతేగా అని లేచారు. అప్పట్లో సారా ప్యాకెట్లలో వచ్చేది, 'వారుణి వాహిని' అని ప్రభుత్వమే ఇంటిదాకా తెచ్చిన సరుకు. ఏటా కొట్లకి వేలం పాటలు. నెల్లూరులో ఆడవాళ్ళు ఆ వేలాల్ని జరగనివ్వలేదు. మా అమ్మమ్మ వాళ్ళూ ఊళ్ళో సారా కొట్టు ముందు కూర్చున్నారట, చీపుర్లు పట్టుకుని. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాతే మిగతా మద్యం మీద.

పొద్దుణ్ణించీ మేం మాట్లాడుకున్న వేలం లండన్‌లో సుత్తి కొట్టే వేలం. అమ్మమ్మకి వేలం అంటే సారా కొట్టు పాట. ఇవాళ మధ్యాహ్నం మేం 'వేలంలో ఎంత వస్తుంది' అని వాదించుకుంటుంటే ఆమె లేచి లోపలికి ఎందుకెళ్ళిపోయిందో అప్పటికి గానీ వెలగలేదు నాకు.

రిటైర్మెంటు రోజు తాతయ్యకి శాలువా కప్పారు, పులిహోర పెట్టారు, సీసా వడ్ల గాదెలోకి పోయింది. పట్టుబడితే పెన్షన్ ఏమవుతుందో అని భయం కూడా. ఈ రోడ్డు మీద రాత్రిళ్ళు లారీలు ఆపి చూసేవాళ్ళట. "నిషేధం తీసేశాక తీద్దాం" అనుకున్నాడు తాతయ్య.

నిషేధం రెండేళ్ళకే సడలింది, 1997లో. కానీ ఆ మధ్యలో 1996లో తాతయ్య తమ్ముడు పోయాడు. దుకాణాలు మూతబడ్డాయి గానీ తోటల్లో నాటుసారా బట్టీలు ఆగలేదు. ఏం కలిపారో, ఎంత తాగాడో తెలియదు. రెండు రోజులు మంచంలో ఉన్నాడు, అంతే. రిటైర్మెంటు రాత్రి పక్కన కూర్చోవాల్సినవాళ్ళలో ఆయన ఒకడు. దుకాణాలు మళ్ళీ తెరిచిన రోజు తాతయ్య గాదెలోంచి సీసా తీసి, తుడిచి, ట్రంకుపెట్టెలో శాలువా కింద పెట్టాడు. 2011లో పోయేదాకా మళ్ళీ పెట్టె తీసి దాని మొహం చూడలేదట.

"పారబోయొచ్చుగా?" అన్నాను.

"ఎలా పారబోస్తాడు? వాడు ఎండలో ఇటుకలు మోసి కొన్నాడాయె."

మందు సంగతి మా వైపు ఎప్పుడూ ఇంట్లోని గొడవే కాదు, రాజ్యాలదీ. మద్రాసు రాష్ట్రంలో 1948 కల్లా అన్ని జిల్లాల్లో నిషేధం. అవతల నిజాం రాజ్యంలో కల్లు, సారా మీదే ఖజానాకి పెద్ద రాబడి. అంటే తిరువూరులో దొరికితే నేరం, కాస్త నడిస్తే కల్లు దుకాణం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదికే, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది కూడా మద్యనిషేధం గొడవ మీదే. మా తరం చూసింది 2019 తర్వాతది. ఇవతల ప్రభుత్వ దుకాణాలు, ఎవరూ వినని బ్రాండ్లు, మండే ధరలు. అవతల పాత బ్రాండ్లు. తిరువూరు, గంపలగూడెం కుర్రాళ్ళు బండేసుకుని పెనుబల్లి వైపు పోయి వచ్చేవాళ్ళు. మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు అంటే, రెండు నెలలు తిరక్కుండానే పర్మిట్ ఉండాల్సిందేనని ప్రభుత్వం నిబంధన మార్చింది. పట్టుకున్న సీసాల్ని రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటు దుకాణాలొచ్చాయి, ఆ పరుగులు తగ్గాయి. ఇప్పుడు తిరువూరు ఉన్న జిల్లా పేరేంటో తెలుసుగా? ఎన్టీఆర్ జిల్లా. 2022 ఏప్రిల్‌లో పెట్టారు. తాతయ్య ఉంటే సీసా వైపు చూసి ఏదో ఒకటి అనేవాడే.

పెదమావయ్య లెక్క

పొద్దున్నే పెదమావయ్యకి వీడియో కాల్ చేశాం. ఇప్పుడాయన ఖమ్మంలో కొడుకు దగ్గరుంటున్నాడు, డెబ్బై దాటాయి. సీసా చూపించగానే ముందు పోల్చుకోలేదు. శాలువా చూపిస్తే పోల్చుకున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"బాబాయి తాగలేదా?" అన్నాడు చివరికి.

"లేదు అన్నయ్యా" అన్నాడు మావయ్య.

"మరి ఉత్తరంలో చాలా బాగుందని రాశాడే!"

అమ్మమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. ఆ ఉత్తరం సంగతి ఆమెకీ తెలియదు.

ఎంతకి కొన్నావని అడిగితే అరవై దిర్హమ్‌లు అన్నాడు, అది బాగా గుర్తుందట. అప్పటి రేటులో ఐదు వందల రూపాయల పైచిలుకు. నేను ఫోన్‌లో లెక్క వేశాను. ఆ ఐదొందల పదిని బ్యాంకులో ఎనిమిది శాతం చక్రవడ్డీకి వేసి మర్చిపోతే ముప్ఫై ఏళ్ళకి ఐదు వేల నూట ముప్ఫై. లండన్‌లో సీసాకి వచ్చేది కూడా దాదాపు అంతే. అంటే సీసా, బ్యాంకు సమానంగా పరుగెత్తాయన్నమాట. అత్తయ్య వంటింట్లోంచే అందుకుంది: "ఆ రోజుల్లో పది గ్రాములు ఐదు వేల లోపేగా? ఒక గ్రాము బంగారం కొనుంటే ఇప్పుడు ఎన్నో రెట్లు ఉండేది. దాన్ని తాకట్టు కూడా పెట్టుకోవచ్చు."

ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరం ఒకేసారి నవ్వాం.

"తీసి తాగండ్రా, నేనూ వస్తా" అన్నాడు పెదమావయ్య. సీలు బాగుంటే, మూత నుంచి లోపలికి ఏమీ పోకపోతే, అలాంటి విస్కీ పాడవదు. దక్షిణ ధ్రువం వైపు వెళ్ళిన షాకిల్టన్ 1907–09 యాత్రలో గుడిసె కింద వదిలేసిన విస్కీ పెట్టెల్ని నూరేళ్ళ తర్వాత మంచులోంచి తవ్వి తీస్తే, సీసాల్లో విస్కీ గడ్డ కట్టకుండా అలాగే ఉంది. మూడు సీసాల్ని స్కాట్లాండు పంపి పరీక్షించి మళ్ళీ వెనక్కి తెచ్చారు. అయితే అక్కడ మంచు, ఇక్కడ రేకుల గది. మట్టం అంత దిగిన సీసాలో గాలి బాగా చేరి ఉంటుంది, రుచి చప్పబడే ఉంటుంది. అదంతా చెప్పబోయాను గానీ, అమ్మమ్మ అప్పటికే లేచింది.

సీసాని చీర కొంగుతో తుడిచింది, పీట మీది పసుపు అడుగున అంటుకుంది కదా, అది కూడా. ట్రంకుపెట్టెలో నిలబెట్టింది. శాలువా మడత విప్పి చుట్టూ దూర్చింది, పడిపోకుండా. ఈ రేకుల గదిలో కాదు, మిద్దె కింద గదిలో పెట్టమని మావయ్యకి చెప్పింది. మట్టం గురించి నేను చెప్పింది విన్నదన్నమాట. మావయ్య మెడ దగ్గర టేపు అంటించి, పెన్నుతో గీత గీసి, తేదీ వేశాడు.

గాజుల గడువుకి బ్యాంకులో వడ్డీ వరకు కట్టి తిరగరాయించుకోవచ్చని తెలిసింది. మావయ్య ఆ పని మీద సెంటర్‌కి బయల్దేరాడు. రిజిస్ట్రేషన్‌కని పక్కన పెట్టిన ఎనిమిదివేల ఐదొందలు జేబులోనే ఉన్నాయి. నన్ను బస్టాండులో దించాడు.

పోయిన వారం వాట్సాప్‌లో ఆయన వాయిస్ మెసేజ్: "అల్లుడూ, ఇంకో నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి ఏడు లక్షలంట. మీ అత్తయ్య ఎత్తింది. పాపం వాడు."